నెల లెక్క, సంత లెక్క

సునాబెడ,
ఒడిశా,
4 జూన్ 2025

ఈరోజు పనులు: కుళాయి నీళ్లు పట్టడం. రెండు బకెట్ల బట్టలు. మీ బావకి క్యారేజీ. మినప్పప్పు ఎండలో పోయడం, వాన రాగానే లోపలికి తేవడం, మళ్లీ ఎండ కాస్తే మళ్లీ పోయడం. పాలవాడితో నెల లెక్క. గ్యాస్ బుకింగ్. గుడిలో స్త్రీల కూడికకి కొబ్బరి లడ్డూలు. అన్నీ అయ్యాయి. మిగిలింది నీకు ఉత్తరం.

చెల్లి దేవమణికి,

నీకూ మరిది ప్రసన్నకీ ప్రభువు పేరట మా వందనాలు. ధరల సంగతి ఫోనులో మాట్లాడుకుంటే గాలికి పోతుంది. నువ్వు నైట్ డ్యూటీ నుంచి వచ్చి ఆవలిస్తూ ఉంటావు, నేను పొయ్యి మీద కూర చూసుకుంటూ ఉంటాను. అందుకని కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే పంపు.

సంగతి మా పిల్ల లహరి గురించి. నర్సింగ్ పాసై రాయగడ ప్రైవేటు ఆసుపత్రిలో చేరి పదిహేను నెలలైంది. జీతం పదిహేను వేలు, హాస్టలుకి మూడు వేల అయిదు వందలు. రాత్రి డ్యూటీలో వార్డు మొత్తం తనే చూసుకుంటుందని అక్కడి పెద్ద నర్సు నాతో స్వయంగా చెప్పింది. రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాటే తలుచుకుంటూ, సొరంగాలు ఎన్ని దాటామో చూసుకోలేదు.

ఇప్పుడు పిల్లకి రెండు దారులు. విశాఖపట్నం ఏజెంటు కువైట్ అంటున్నాడు, మూడు లక్షల ఇరవై వేలు కట్టమంటున్నాడు. రెండోది మీ న్యూజిలాండ్. ఏ దేశంలో ఎంత వస్తుందో అందరూ చెబుతారు. ఎంత పోతుందో ఎవరూ చెప్పరు. నువ్వు చెప్పు. జీతం, అద్దె, తిండి, కరెంటు, అన్నీ రాయి.

ఇక్కడి ధరలు రాస్తున్నాను. బియ్యం కిలో యాభై రెండు, నువ్వు వెళ్లినప్పుడు ముప్పై ఎనిమిది. కందిపప్పు నూట ముప్పై. గుడ్డు ఏడు. టమాటా నలభై. గ్యాస్ తొమ్మిది వందల చిల్లర. పైగా ఫ్యాక్టరీలో ఈ ఏడు ఓవర్‌టైమ్ లేదు. ఇవన్నీ రాస్తుంటే మీ బావ వెనక నుంచి చూసి, "నాను పెళ్లాడింది పద్మపూర్ మేష్టారి కూతుర్ననుకున్నాను. ఆడిటరని అప్పుడెవులూ సెప్పనేదు" అన్నాడు.

వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా నా పిడికెడు గుడికిచ్చే బియ్యం డబ్బాలో వేసి, నీ పిడికెడు కూడా వేస్తున్నాను. వెళ్లేరోజు స్టేషన్లో "నాది కూడా నువ్వే వెయ్యి, తర్వాత తీరుస్తాను" అన్నావు, గుర్తుందా? ఆ ఖాతా పెరుగుతోంది సుమా.

నీ అప్ప,
దొర్కా


హేమిల్టన్,
15 జూన్ 2025

అప్పకి వందనాలు,

నీ ఉత్తరం ఫోటో చూసి ప్రసన్న నవ్వి నవ్వి దగ్గాడు. "మీ అప్ప మినప్పప్పు కూడా డ్యూటీ చార్టులో రాసింది" అన్నాడు. నేను మాత్రం రెండుసార్లు చదువుకున్నాను. ఆ వాన, ఆ మినప్పప్పు, అన్నీ కనబడ్డాయి.

ఇక్కడ ఇప్పుడు చలికాలం. పొద్దున్న కారు అద్దం మీద మంచు గీకితే గానీ డ్యూటీకి కదలలేము. సునాబెడలో పుట్టి పెరిగితే నాకు చలి తెలుసనుకున్నాను. తెలియదు అప్పా. అక్కడి చలి ఎండ రాగానే పోతుంది. ఇక్కడిది గోడల్లో కాపురం పెడుతుంది.

నేను పనిచేసే వృద్ధుల ఇంట్లో తొంభై రెండేళ్ల ముసలావిడ ఉంది. ఒకప్పుడు వాళ్లకి ఆవులమంద ఉండేదట. మొన్న పేపర్లో వెన్న ధర చదివి, పేపరు మడిచి, "పొలంలో ఆవు, నా రొట్టె మీద వెన్న లేదు" అంది. ఈ దేశమంతా పాలే. అయినా అరకిలో వెన్న ఎనిమిదిన్నర డాలర్లు. డజను గుడ్లు తొమ్మిదిన్నర. టమాటా ఈ కాలంలో కిలో పదమూడు. ఒక్క క్యాబేజీ అయిదున్నర. కుండులి సంతలో క్యాబేజీ ఇంకా ఇరవైకే వస్తోందా? రాయకు, ఏడుస్తాను. బియ్యం అయిదు కిలోల సంచి పదహారు.

నువ్వడిగినవి ఇవి. జీతం రెండు వారాలకొకసారి పడుతుంది, పన్ను పోగా రెండు వేల అయిదు వందలు. అద్దె అయిదు వందల నలభై. కరెంటు నెల బిల్లు రెండు వందల అరవై. నెల సరుకులు తొమ్మిది వందల యాభై. కారుకి కిస్తీ, పెట్రోలు, ఇన్సూరెన్స్ కలిపి నెలకి ఏడు వందలు. ఫోన్లు నూట ముప్పై. ఇక్కడికి రావడానికి చేసిన అప్పుకి నెలకి తొమ్మిది వందలు. ప్రసన్నకి గోదాంలో వారానికి మూడు రోజులే పని, అది మా మామగారి మందులకి పోతుంది. కాబట్టి దాన్ని లెక్కలో కలపకు.

లహరి వస్తానంటే నాకంటే సంతోషించేవాళ్లు ఎవరు? కాకపోతే వచ్చే మార్చి దాకా ఆగితే మంచిది అప్పా. కారణం ఉంది, తర్వాత చెబుతాను.

బావకి వందనాలు చెప్పు. నా పిడికెడు మానకు.

దేవమణి


సునాబెడ,
22 జూన్ 2025

దేవమణికి,

ఉత్తరం అందింది. ఇంత వివరంగా రాసినందుకు సంతోషం. మన నాన్న చూస్తే నీకు మార్కులు వేసేవారు, అయితే ముత్యాల్లాంటి అక్షరాలు కోడి గీతలెందుకయ్యాయని ఒక మార్కు తగ్గించేవారు.

నీ లెక్క కట్టాను. రెండు వారాలకి రెండు వేల అయిదు వందలంటే నెలకి అయిదు వేలు. ఖర్చులన్నీ కూడితే మూడు వేల నాలుగు వందల ఎనభై. మిగిలేది పదిహేను వందల ఇరవై. డాలరు యాభై ఒకటి చొప్పున డెబ్బై ఏడు వేల అయిదు వందల ఇరవై రూపాయలు, నెలకి. మీ బావ ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత చేతికి తెచ్చే జీతంకంటే నీకు మిగిలేదే ఎక్కువ. నా చెల్లి ఇంతటిదయిందని స్త్రీల కూడికలో చెప్పాలనిపించింది. చెప్పలేదు. బిందుశ్రీ ఒక్కదానితో అన్నాను.

ఆవిడ మా పక్క క్వార్టరులో ఉండే ఒడియా ఆవిడ, నీకు తెలుసు. వాళ్ల చెల్లెలు కువైట్‌లో ఉంది. బిందుశ్రీ అంతా విని, "అంత మిగులుతుంటే మరి పిల్లని మార్చి దాకా ఎందుకు ఆపుతోంది, దీదీ?" అంది.

ఆ ప్రశ్న ఆవిడది. నాది కాదు.

ఒకటి మాత్రం నాకు వింతగా ఉంది. అక్కడ క్యాబేజీ రెండు వందల ఎనభై రూపాయలు. రెండు గదుల ఇల్లు ఇరవై ఏడు వేలు. అంటే వంద క్యాబేజీలకి ఒక ఇల్లు. ఇక్కడ విశాఖపట్నంలో అలాంటి ఇంటి అద్దెకి ఎనిమిది వందల క్యాబేజీలు వస్తాయి. మీ దేశంలో ఇల్లు చవక, కూరలు ప్రియం అన్నమాట. ఎక్కడెక్కడి పద్ధతులో.

ఏజెంటు జూలై పదిలోగా ఏదో ఒకటి చెప్పమంటున్నాడు. ఇంట్లో సంగతులు నీకు తెలిసినవే. నీ మనసులో ఏముందో విడమరిచి రాయి.

దొర్కా


హేమిల్టన్,
1 జూలై 2025

అప్పకి,

నువ్వు విడమరిచి రాయమన్నావు గానీ, నువ్వే విడమరిచి రాయడం లేదు. ఓవర్‌టైమ్ లేదన్నావు. ఏజెంటుకి మూడు లక్షలు కావాలన్నావు. నాకు ఎంత మిగులుతుందో పైసలతో సహా కట్టావు. ఇంట్లో సంగతులు తెలిసినవే అన్నావు. చిన్నప్పుడు నాకు జామెట్రీ పెట్టె కావాలన్నా నేను నిన్ను ఇలాగే చుట్టూ తిప్పి అడిగేదాన్ని. అడగడానికి మొహమాటమైతే ఒక మాట అంటే సరిపోయేది అప్పా.

నిన్న యాభై వేలు నీ ఖాతాలో వేశాను. ఇప్పటికి ఇంతే కుదిరింది. తిరిగి ఇవ్వాలని అనుకోకు. లహరి దేనికి వాడుకున్నా నాకు సంతోషమే. మార్చి మాట మాత్రం మార్చిదే.

ఇంకో మాట. నా జీతం సంగతి బిందుశ్రీకి చెప్పడం దేనికి? వాళ్ల చెల్లెలి ద్వారా రేపు అక్కడా ఇక్కడా ఉన్న మనవాళ్లందరికీ తెలుస్తుంది.

ఈ వారమంతా వాన. ముసలావిడకి జ్వరం. నా చెయ్యి పట్టుకునే నిద్రపోతోంది.

దేవమణి


సునాబెడ,
9 జూలై 2025

దేవమణికి,

పనులు అయ్యాయి. వాటిలో ఒకటి బ్యాంకు. నువ్వు వేసిన యాభై వేలు ఇక్కడి బ్రాంచిలో నీ పాత ఖాతా ఉంది కదా, అందులో వేయించాను. రసీదు ఫోటో పంపుతున్నాను.

నేను ధరలు అడిగాను. డబ్బు అడగలేదు. ఇరవై ఏడేళ్ల కాపురంలో నెలాఖరున ఇంకొకరి దగ్గర చెయ్యి చాపిన రోజు నా ఖాతాలో ఒక్కటి కూడా లేదు. ఓవర్‌టైమ్ లేదని రాసింది ధరల సంగతి వచ్చింది కాబట్టి. నీకు ఎంత మిగులుతుందో కట్టింది రేపు లహరికి ఎంత మిగులుతుందో తెలియాలని. నువ్వు దాన్ని చుట్టూ తిరిగి అడగడం అనుకున్నావు.

పిల్లని ఉంచుకోవడం ఇబ్బందైతే ఇబ్బంది అని రాయాల్సింది. రెండు గదుల ఇంట్లో ఇద్దరే ఉన్నారు, నెలకి డెబ్బై ఏడు వేలు మిగులుతోంది, అయినా అక్క కూతురికి చోటు లేదు. నేను అర్థం చేసుకోగలను. యాభై వేలిచ్చి నోరు మూయించాల్సిన అవసరం లేదు.

కువైట్ ఖాయం చేశాం. ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చాం. మిగతా మూడు లక్షలు ఆగస్టు రెండున కట్టాలి. గుడారిలో మీ బావ వాటాకి వచ్చిన పొలం చెక్క అమ్ముతున్నాం. లహరి సరేనంది.

బియ్యం డబ్బాలో నీ పిడికెడు ఆపలేదు. అది దేవుడి లెక్క, మన లెక్క కాదు.

దొర్కా


హేమిల్టన్,
13 జూలై 2025

అప్పకి,

ఖాయం చేశావంటే మంచిదే అయి ఉంటుంది. నీ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

లహరికి మంచి చలికోటు అక్కర్లేదు ఇక. నేనొకటి చూసి పెట్టాను, తిరిగి ఇచ్చేస్తాను.

దేవమణి


సునాబెడ,
27 జూలై 2025

అమ్మీ, దేవమణీ,

ఈరోజు పనులేవీ రాయను. పొయ్యి మీద అన్నం కూడా మీ బావే దించాడు. ఉత్తరం మొత్తం చదివాక కోపగించుకో, మధ్యలో ఆపకు.

మొన్న కుండులి సంతకి వెళ్లాను. ఎండుచేపలమ్మే సుబ్బులు నీకు గుర్తుండాలి, భీమిలి నుంచి సరుకు తెచ్చుకుంటుంది. ఎండుచేపల ధర కిలోకి నలభై పెంచింది. నేను ఊరుకుంటానా?

"ఏటి సుబ్బులూ, సముద్రం ఎండిపోనాదా?" అన్నాను.

"సముద్రం కాదమ్మా, సంత ఆశీలు సూడు. లారీ కిరాయి సూడు. ఈ రేకుల కింద కూకున్నందుకే రెండొందలు అద్దె."

"రెండొందలకి ఇంత గోలేటే? నెలకి రెండొందలంటే ఊరికినే ఇచ్చినట్టు."

సుబ్బులు తూచే కాటా దించి నా మొహం చూసింది. "నెలకేటమ్మా? సంతకి రెండొందలు. నెల్నెల్లా జీతాలు తెచ్చుకున్నోళ్లకే నెల. మా కాడ ఏదైనా సంతకే."

పక్కన అల్లమమ్మే, దేశియా భాష మాట్లాడే ఆవిడ కూడా నవ్వింది. నేను నవ్వలేదు. ఎండుచేపలు తీసుకోవడం మరిచిపోయాను. సుబ్బులు వెనకనుంచి, "ఒలమ్మ, దొర్కమ్మ బేరం ఆడకుండా ఎలిపోతంది, ఒంట్లో బాగులేదేటో" అని అరుస్తోంది.

బస్సులో కూర్చుని నీ మొదటి ఉత్తరం ఫోటో ఫోనులో మళ్లీ తెరిచాను. కరెంటు దగ్గర నెల బిల్లు అని రాశావు. సరుకుల దగ్గర నెల అని రాశావు. కారు దగ్గర నెలకి అని రాశావు. అద్దె దగ్గర ఒట్టి అయిదు వందల నలభై. మా టౌన్‌షిప్‌లో జీతం నెలకి, క్వార్టరు అద్దె నెలకి, పాలు నెలకి, పేపరు నెలకి, గుడి చందా నెలకి. నెల కానిది ఉంటుందని నాకు తోచనే లేదు. నీకేమో అది వారానికని రాయనక్కర్లేదనిపించింది, అక్కడ అందరికీ తెలిసిన సంగతే కనుక. అవునా?

బిందుశ్రీ అబ్బాయి మనోరంజన్ ఫోనులో చూసి అవునన్నాడు. మీ ఊళ్లో ఇళ్ల అద్దెలన్నీ వారం లెక్కేనట.

మళ్లీ కట్టాను. నెలకి నాలుగు వారాలే అనుకున్నా అద్దె రెండు వేల నూట అరవై. ఖర్చు మొత్తం అయిదు వేల నూరు. నీకు మిగిలేది డెబ్బై ఏడు వేలు కాదు. వంద డాలర్లు తక్కువ.

ఆ వంద ఎక్కడి నుంచి వస్తోందో, నాకు పంపిన యాభై వేలు ఎక్కడి నుంచి వచ్చాయో నువ్వు రాయలేదు. నేను అడగను. వంద క్యాబేజీలకి ఇల్లొస్తుందని రాసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. వింత అనిపించింది, రాసేసి ఊరుకున్నాను. ఇతరుల లెక్కలో వింత కనబడితే తప్పు వెతుకుతాను. నా లెక్కలో కనబడితే మీ దేశానిది వింత అనుకున్నాను.

ఈసారి రూపాయల్లో కాకుండా ఇంకో రకంగా కట్టి చూశాను. లహరికి గంట పనికి డెబ్బై రెండు రూపాయలు పడుతోంది. కిలో బియ్యానికి అది రాయగడలో ముప్పావు గంట నిలబడాలి. నువ్వు ఆరు నిమిషాలు. డజను గుడ్లకి అది గంటకి పైన, నువ్వు పద్దెనిమిది నిమిషాలు. టమాటా ఇద్దరికీ దాదాపు ఒకటే. ఇంటికొచ్చేసరికి కథ తిరగబడింది. హాస్టలుకి లహరి నెలలో ఆరు రోజులు పనిచేస్తే చాలు. నువ్వు ప్రతి వారం అయిదు రోజుల్లో రెండు రోజులకి పైగా ఇంటి యజమాని కోసమే పనిచేస్తున్నావు. డాలర్లని రూపాయలు చేసి చూసుకుని ఇన్నాళ్లూ మురిసిపోయాను. గంటలు చేసి చూసేసరికి నీ కాళ్ల నొప్పి కనబడింది.

అయినా అప్పు కడుతున్నావు, మామగారి మందులకి పంపుతున్నారు, ఒక్కసారి కూడా ఇది కష్టం అని రాయలేదు. ఈసారి స్త్రీల కూడికలో చెప్పాను. ఎంత మిగులుతుందో కాదు, ఎలా నెగ్గుకొస్తున్నావో చెప్పాను.

ఇక కువైట్ సంగతి. లహరి శనివారం రాయగడ నుంచి వచ్చింది. తప్పు లెక్క సంగతి చెప్పాను. అన్నం కలుపుతూ ఆపి అంది: "అమ్మా, కువైట్ బాగుండొచ్చు. ఇల్లూ తిండీ ఆల్లే ఇత్తామన్నారు. కానీ నువ్వు నన్ను కువైట్ పంపట్లేదు. పిన్ని మీద కోపాన్ని పంపుతన్నావు."

"మరి అప్పుడే సెప్పొచ్చు కదేటే?" అన్నాను.

"నీ లెక్కకి ఎదురు సెప్పినోళ్లు ఈ ఇంట్లో ఎవలున్నారు?" అంది. మీ బావ కంచంలోకి చూసుకుంటూ నవ్వుకున్నాడు.

మూడు లక్షలు కట్టడం లేదు. గుడారి చెక్క అమ్మడం లేదు. ఏజెంటు అడ్వాన్సులో పన్నెండు వేలు తిరిగి ఇచ్చాడు, ఎనిమిది వేలు కాగితాల ఖర్చు అన్నాడు. ఖాతాలో రాశాను: 'దొర్కా తప్పు లెక్కకి, ఎనిమిది వేలు.' నా పేరున నష్టం రాసుకోవడం ఇదే మొదలు.

లహరి ఎక్కడికి వెళ్లాలో ఇక నేను చెప్పను. నువ్వు రమ్మన్నా, వద్దన్నా నీ మాటే.

అప్ప


హేమిల్టన్,
4 ఆగస్టు 2025

అప్పా,

మూడు గంటలకి డ్యూటీ దిగి, కారులోనే కూర్చుని చదివాను. చలి వేస్తున్నా ఇంట్లోకి వెళ్లలేదు. ప్రసన్న బయటికి వచ్చి, "ఏటయింది, ఎవరికైనా బాగులేదేటి?" అన్నాడు. ఫోను చేతికిచ్చాను. సుబ్బులు మాట దగ్గర ఆగి, "మా వారం అద్దె మీ కుండులి ఎండుచేపల్లో దొరికిందా" అన్నాడు.

తప్పు నీదొక్కదానిదే కాదు. నువ్వు అడిగిందల్లా ఒక కాగితం. అందులో నేను ఒక మాట వదిలేశాను. పైగా నీ ప్రశ్నని డబ్బడగడం అనుకున్నాను. జామెట్రీ పెట్టె అడిగేది నేను. ఇవ్వడం నీ పని. నువ్వెప్పుడు అడిగావు గనక?

నువ్వు అడగనన్నావు కాబట్టి చెబుతాను. ఆ వంద తక్కువ రెండో గదిలోంచి వస్తోంది. బేబి అని కేరళ పిల్ల, ఇక్కడ చదువుకుంటోంది. వారానికి నూట తొంభై ఇచ్చి మా ఇంట్లో ఉంటోంది. ఫిబ్రవరిలో చదువు అయిపోయి వెళుతుంది. అందుకే మార్చి అన్నాను. మాట ఇచ్చిన పిల్లని మధ్యలో పొమ్మనలేను కదా. ఇది ముందే రాయచ్చు. రాయలేదు. పద్మపూర్ మేష్టారి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అద్దెకి మనిషిని పెట్టుకోలేదు. న్యూజిలాండ్ వెళ్లిన దేవమణి వంటింటి అల్మరా పంచుకుంటోందని నీ కూడికలో తెలిస్తే ఎలా అనుకున్నాను. నువ్వేమో నెలకి నా దగ్గర డెబ్బై ఏడు వేలు మిగులుతున్నాయని గర్వపడ్డావు. దాన్ని కొట్టేయడానికి చెయ్యి రాలేదు.

యాభై వేలు గది హీటరుకి దాచినవి. చలి ఇంకొక నెలే, పరవాలేదు.

లహరికి చెప్పు, మార్చి ఒకటి నుంచి ఆ గది దానిది. అద్దె అడగను. అడిగినా వారానికే అడుగుతాను. ఈలోగా రెండేళ్ల అనుభవం నిండుతుంది, ఇంగ్లీషు పరీక్ష రాసుకోవచ్చు. చలికోటు తిరిగి ఇచ్చేస్తానన్నాను గానీ ఇవ్వలేదు. బీరువాలోనే ఉంది.

ఇంకో సంగతి. నీకు ఎప్పుడో చెప్పాల్సింది. ఇక్కడికి వచ్చిన మొదటి వారం బియ్యం కొలుస్తుంటే నా చెయ్యి దానంతట అదే పక్క డబ్బా వెతికింది. నా పిడికెడు నువ్వు అక్కడ వేస్తున్నావు. మరి ఇది ఎవరిది? నీదే అయి ఉండాలి అనుకుని, ఒక ఐస్‌క్రీం డబ్బాలో నీ పేరున వేయడం మొదలుపెట్టాను. నిండినప్పుడల్లా మా గుడిలో అవసరమున్నవాళ్ల కోసం పెట్టిన ఆహారం అల్మరాలో పోస్తాను. మొదట్లో ఎవరో ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. ఇప్పుడు గురువారాల్లో వరస రోడ్డు దాకా ఉంటుంది. ఉద్యోగాలున్నవాళ్లే, కార్లలో వస్తారు. మొన్న ఒకాయన బియ్యం తీసుకుంటూ, అద్దె కట్టాక మిగిలింది పిల్లల బూట్లకి సరిపోయిందని, దానికేదో సంజాయిషీ చెప్పుకున్నాడు. సిగ్గుపడకండి, ఇవి మా అప్పవి అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అయినా నీకు థాంక్స్ చెప్పమన్నాడు. ఇదిగో చెప్పాను.

ముసలావిడకి జ్వరం తగ్గింది. వెన్న అడుగుతోంది.

నీ చెల్లి,
దేవమణి


సునాబెడ,
18 మార్చి 2026

ఈరోజు పనులు: లహరి సూట్‌కేసు మూడోసారి సర్దడం. తూచడం. రెండు చీరలు తీసేయడం. మీ బావ ఎవరూ చూడకుండా ఒకటి తిరిగి పెట్టడం, నేను చూసీ ఊరుకోవడం. సుబ్బులు పంపిన ఎండుచేపలు విమానంలో రానివ్వరని నచ్చజెప్పి తిరిగి పంపడం. బిందుశ్రీ తెచ్చిన పీఠా పిండివంట పంచడం. దీవెన ప్రార్థనకి వచ్చిన ముప్పై మందికి అన్నం.

చెల్లి దేవమణికి,

ఈ ఉత్తరం ఫోటో కాదు. లహరి చేతికే ఇచ్చాను. చదివేసరికి అది నీ వంటింట్లో ఉంటుంది.

పరీక్ష మొదటిసారే నెగ్గింది. ఫీజులన్నీ దాని జీతంలోంచే కట్టుకుంది. రాయగడ ఆసుపత్రివాళ్లు ఇంకో నాలుగు వేలు పెంచుతాం, ఉండమని అడిగారు. పోనివ్వడానికి ఇష్టపడకపోవడంకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది? రైల్వేస్టేషన్ దాకా ఎనిమిది మంది నర్సులు వచ్చారు. ఈసారి సొరంగాల్లో దానికి నా కన్నీళ్లు కనబడకూడదని నేను పక్కకి తిరిగి కూర్చున్నాను.

అక్కడ రాయాల్సిన ప్రాక్టికల్ పరీక్ష అయ్యేదాకా నీ దగ్గర ఉంటుంది. తర్వాత ఎంత మిగులుతుందో అది కట్టుకుంటుంది. నేను ఒక్కటే చెప్పి పంపాను: ఏ దేశంలో ఏ ధర విన్నా, ముందు అది రోజుకా, సంతకా, నెలకా అని అడుగు.

యాభై వేలు నీ పాత ఖాతాలోనే ఉన్నాయి. ఈ చలికాలం లోపు హీటరు కొనాలి. కొన్న రసీదు ఫోటో పంపు.

నీ పేరున ఇక్కడ ఎంత బియ్యం వేశానో ఈ ఉదయం కట్టాను. ఇంచుమించు ఎనభై అయిదు కిలోలు. నా పేరున నువ్వు అక్కడ వేసినది నువ్వు తూచి ఉండవు, నాకు తెలుసు. నీ పిడికిలి నాకంటే చిన్నది. కానీ అక్కడ బియ్యం ధర ఇక్కడికి మూడింతలు. కూడి తీసివేసి చూస్తే, నేనే నీకు బాకీ పడేలా ఉన్నాను. అందుకని అక్కడితో ఆపేశాను.

లహరితో బియ్యం పంపుదామంటే మీ దేశం రానివ్వదట. చెయ్యి పంపుతున్నాను. దాని పిడికిలి నాదంత ఉంటుంది, చిన్నప్పుడే కొలిచాను. రేపటి నుంచి నీ ఐస్‌క్రీం డబ్బాలో నా పిడికెడు అది వేస్తుంది. నీది నువ్వే వేసుకో. ఇక్కడ నాది నేను వేస్తాను.

దేవమణి పిడికెడు బియ్యం ఖాతా, ఆగస్టు 2022 నుంచి నేటి వరకు: చెల్లు.

నీ అప్ప,
దొర్కా